బొంబాయి: 1993 మార్చి 12

ఆనాడు శుక్రవారం. మధ్యాహ్నం ఒకటిన్నరకు స్టాక్ ఎక్స్ఛేంజి భవనపు నేలమాళిగలో మొదటి బాంబు పేలింది. రెండు గంటల పైచిలుకు వ్యవధిలో ఎయిరిండియా భవనం, జవేరీ బజారు, దాదరులోని ప్లాజా సినిమా మొదలుకొని మొత్తం 12 చోట్ల పేలుళ్లు సంభవించి 257 మంది అసువులు బాశారు. తరతరాలుగా తెలుగు మిల్లు కార్మికులు నివసించిన వర్లీలో, సెంచురీ బజారు వద్ద జరిగిన ప్రాణనష్టం అత్యంత దారుణం.

అప్పటికి రెండు నెలల క్రితమే మతకల్లోలాలు నగరాన్ని దహించాయి. మళ్లీ అగ్గి రాజుకొంటుందన్న భయంతో ముఖ్యమంత్రి శరద్ పవార్, ముస్లిములు అధికంగా ఉండే మస్జిద్ బందరులోనూ పేలుడు జరిగిందని ప్రకటించారు. అది కల్పితమని తరువాతి కాలంలో ఆయనే అంగీకరించారు. సత్యమే పలకాలని పిల్లలకు బోధించే ఉపాధ్యాయులకు సైతం ఆ అసత్యాన్ని తప్పుపట్టడం కష్టమే. సోమవారం నాడు స్టాక్ ఎక్స్ఛేంజి యథావిధిగా తెరచుకొంది.