కాలికి కట్టిన రేడియో

2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద ఇమ్మిగ్రేషన్ వాళ్ళు దాడి చేశాక, మన పిల్లలు కొందరి కాళ్ళకి ట్రాకింగ్ పట్టీలు తగిలించిన సంగతి గుర్తుందా? మన పేపర్లు 'రేడియో కాలర్లు' అని రాశాయి. మన ప్రభుత్వం గట్టిగానే అభ్యంతరం చెప్పింది. జైల్లో పెట్టడం కంటే నయమే కదా అని అటువైపు వాదన.

అసలీ పట్టీ పుట్టుకే ఓ తమాషా. 1960ల్లో హార్వర్డ్‌లో ష్విట్జ్‌గెబెల్ సోదరులు ఇలాంటిది తయారుచేసింది శిక్షించడానికి కాదు. దారితప్పిన కుర్రాళ్ళు వేళకి పనికో, స్కూలుకో వెళ్తే మెచ్చుకోవడానికట! తర్వాత 1983లో న్యూమెక్సికోలో జాక్ లవ్ అనే జడ్జిగారు, స్పైడర్‌మాన్ కామిక్‌లో విలన్ హీరో చేతికి తగిలించిన ట్రాకర్ చూసి ముచ్చటపడి, మైకేల్ గాస్ అనే ఆయన చేత నిజంగానే ఒకటి చేయించారు. మనిషి ఇంట్లో ఉన్నాడో లేదో ఫోన్ లైను మీద చెప్పడం వరకే దాని పని. మెచ్చుకోలు ఫీచర్ మాత్రం ఎగిరిపోయింది.

ఆయన కట్టించింది శిక్షపడ్డవాళ్ళకి. మన పిల్లల మీద అప్పటికి ఏ నేరమూ రుజువు కాలేదు. ఆ యూనివర్సిటీ అధినేత్రికి 2014లో పదహారేళ్ళ పైచిలుకు జైలుశిక్ష పడింది, అది వేరే విషయం.

నాకు గుర్తున్నంతవరకు అప్పుడు మనం అవమానం గురించే మాట్లాడుకున్నాం. పట్టీ విప్పేశాక ఆ లాగ్స్ ఎవరి దగ్గరుంటాయి, ఎన్నాళ్ళుంటాయి అని ఎవరూ అడగలేదు. రోజూ అలాంటి టేబుల్సే డిజైన్ చేసే మనం కూడా!