సైకిలు డిస్కు బ్రేకు : వేడిమి వెళ్ళు దారి

సైకిలును ఆపుట యనగా చలనశక్తిని నాశనము చేయుట కాదు. శక్తి నశింపదు, బ్రేకు వేసినపుడు ఘర్షణవలన అది ఉష్ణముగా మారును. ఆ ఉష్ణము ఎచ్చట పుట్టవలెను, ఎట్లు వెలికి పోవలెను అను ప్రశ్నకు కాలక్రమమున దొరికిన సమాధానములే సైకిలు బ్రేకుల చరిత్ర. నేడు డిస్కును ఎన్నుకొనువాడు కూడ ఆ ప్రశ్ననే అడుగుచున్నాడు.

19వ శతాబ్దమున, ముందు చక్రము మిక్కిలి ఎత్తుగానుండు సైకిళ్ళలో, చెంచావంటి రేకు ఒకటి గట్టి రబ్బరు టైరుమీద ఒత్తుకొనెడిది. 1888లో బెల్‌ఫాస్టు నగరమున డన్‌లప్ గాలి టైరును రూపొందించెను. ఒరిపిడికి గాలి టైరు త్వరగా చెడును గనుక ఘర్షణ క్రమముగా రిమ్ముకు మారెను. మన పాత సైకిళ్ళ కడ్డీ బ్రేకులు ఈ తరగతివే. అయితే వానలో తడిసిన రిమ్మును రబ్బరు దిమ్మలు గట్టిగా పట్టజాలవు.

కొన్ని సైకిళ్ళలో బ్రేకును వెనుక చక్రపు హబ్బులోనే అమర్చిరి. 1976లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, మారిన్ ప్రాంతములో, కొందరు యువకులు అట్టి పాత సైకిళ్ళపై కొండ దిగు పందెములు ఆరంభించిరి. సుమారు 3 కిలోమీటర్ల దారిలో దిగుడు సుమారు 400 మీటర్లు. హబ్బు ఎంత కాగెడిదనగా లోపలి గ్రీజు పొగయై పోయెడిది. మరల గ్రీజు కూరవలసి వచ్చెడిది. అందువలననే ఆ దారికి 'రీపాక్', అనగా 'తిరిగి కూరుట', అను పేరు కలిగెను.

ఈ వేడిమి ఎంతయో లెక్కింతము. మనిషి, సైకిలు కలిసి 90 కిలోగ్రాములనుకొన్నచో, 400 మీటర్ల దిగుడులో విడుదలయగు శక్తి సుమారు 3 లక్షల 50 వేల జౌళ్ళు. ఒక లీటరు చన్నీటిని మరిగించుటకు ఇది దాదాపు చాలును. కొంత భాగమును గాలి నిరోధము హరించినను, మిగిలినదంతయు బ్రేకులే భరింపవలెను. రెండు డిస్కుల బరువు పావు కిలో మాత్రమే! పుట్టిన వేడి అంతయు వానిలోనే నిలిచినచో ఉక్కు సైతము కరగును. కనుక డిస్కు వేడిని దాచు కుండ కాదు. గాలిలోనికి పారించు కాలువ.

డిస్కు బ్రేకు భావము పాతదే. ఇంగ్లండులో లాంచెస్టర్ 1902లో మోటారు కార్లకై దానికి పేటెంటు పొందెను. 1953లో ఫ్రాన్సునందలి లెమాన్ పందెమున జాగ్వారు కారు విజయము దాని శక్తిని లోకమునకు చాటెను. సైకిళ్ళలో మాత్రము 1990 దశకమున కొండ సైకిళ్ళతోనే అది వ్యాపించెను. రోడ్డు పందెములలో ప్రయోగము 2016లో, ఒక పోటీదారు గాయమునకు డిస్కే కారణమను ఆరోపణ రాగా, కొంతకాలము నిలిచెను. అంచులు గుండ్రముగా నుండవలెనను నియమము వచ్చెను. 2018లో పూర్తి అనుమతి లభించెను.

ఇక ఎన్నిక. 140, 160, 180, 203 మిల్లీమీటర్ల వ్యాసములు సాధారణములు. 160కి బదులు 203 వేసినచో అదే పట్టునకు ఆపు బలము సుమారు నాలుగవ వంతు పెరుగును. వేడిని విడుచు తలమును పెరుగును. కాని బరువు హెచ్చును. తయారీదారు నిర్ణయించిన పరిమితిని ఫోర్కు దాటరాదు. బ్రేకు వేసినపుడు భారము ముందునకు ఒరుగును గనుక పెద్ద డిస్కు ముందు చక్రమునకే ఉచితము. ఉక్కు అరుగుదలకు ఓర్చును, కాని వేడిని మెల్లగా ప్రసరింపజేయును. అల్యూమినియము వేగముగా ప్రసరింపజేయును, కాని మెత్తన. అందుచే కొన్నిటిలో రెండు ఉక్కు రేకుల నడుమ అల్యూమినియము నుంతురు. రెజిను ప్యాడ్లకు మాత్రమే తగిన డిస్కునకు లోహపు ప్యాడ్లు వేసినచో అది త్వరగా అరుగును. హబ్బునకు ఆరు బోల్టుల డిస్కు కావలెనో, నడిమి బిగింపుది కావలెనో ముందే చూడవలెను.

కొన్న పిదపను జాగ్రత్త అవసరము. 1.8 మిల్లీమీటర్ల మందముగల డిస్కును 1.5కు అరిగినపుడు మార్చవలెనని షిమానో సంస్థ సూచించుచున్నది. ఆ తేడా ఒక మిల్లీమీటరులో మూడవ వంతైనను లేదు. కాని నిటారు దిగుడులో మనిషి ప్రాణము ఆ పలుచని లోహముమీదనే ఆధారపడి యుండును.