పళ్లు రాని బిడ్డకు అయిదు కిలోలు

ఎదురింటి గుజరాతీ ఇల్లాలు ఒకనాటి సాయంకాలము పేడాల పళ్లెము పట్టుకొని మా గడప దాటి వచ్చినప్పుడు, ఆమె చంటిబిడ్డకు పేరు పెట్టి నెలలైనది గదా, అన్నప్రాశనమునకింకను వ్యవధి యున్నది గదా, ఈ తీపి దేనికని మేము విస్మయము చెందితిమి. బిడ్డ పేరు రేషను కార్డులో ఎక్కినదట! మన వైపున బారసాలకు పంచుదురు, పుట్టువెండ్రుకలకు పంచుదురు, కాని సర్కారువారి కార్డులో పేరెక్కినందుకు నోరు తీపి చేసిన వారిని నేనెరుగను. సూరతునకు ఉత్తరమున, తాపీనదికి ఆవలి గట్టున నున్న ఈ కోసాడ్‌లో, మరమగ్గముల హోరు నడుమ కాపురము చేయుచు ఈ ఘూర్జర దేశపు మర్యాదలు కొంత నేర్చితిననుకొన్న నాకు, ఆ పేడా చేతిలో ఉండగనే ఈ కార్డుల సంగతి విచారింపవలెనను కోరిక పుట్టినది.

2013లో వచ్చిన జాతీయ ఆహార భద్రతా చట్టమును గుజరాతు ప్రభుత్వము 2016 ఏప్రిలు నుండి అమలు పెట్టినది. దాని ప్రకారము ప్రాధాన్య కుటుంబములలో తలకు అయిదు కిలోల చొప్పున నెలనెలకు ధాన్యము లభించును. ఆ తల కుస్తీపట్లు పట్టు వస్తాదుదైనను, ఇంకను మెడ నిలువని శిశువుదైనను కొలత యొక్కటే. 2023 జనవరి నుండి దీనికి వెలయే లేదు. మిక్కిలి పేదలకిచ్చు అంత్యోదయ కార్డు లెక్క వేరు: ఇల్లు ఎంతదైనను ముప్పదియైదు కిలోలే. కనుక ఎనమండుగురున్న ఇంటికి పేదకార్డు కంటె మామూలు కార్డే అయిదు కిలోలు లాభమను వింత యొకటి ఇందులో దాగియున్నది. గోధుమలు, బియ్యము చట్టము ఇచ్చునవి. కందిపప్పు, చక్కెర, ఉప్పు వంటివి రాష్ట్రమువారు తమవంతుగా తగ్గింపు ధరకు చేర్చుచుందురు. ‘సస్తా అనాజ్’ దుకాణపు వరుసలో నిలిచిన తల్లుల ముచ్చట్లు సగము ఈ లెక్కలే.

ఇట్టి లెక్క ఈ దేశమునకు ఎట్లలవడినదని యోచించినచో చరిత్రలోనికి పోక తప్పదు. ఇంగ్లీషువారు సూరతులో కోఠీ కట్టుట, శివాజీ రెండుమారులు నగరమును కొల్లగొట్టుట మనము బడిలో వల్లించినవే. ఆ తేదీలతో పాఠకులను వేధింపను. నాకు ముఖ్యమని తోచినది కరవు. విక్రమశకము 1956లో, అనగా క్రీస్తుశకము 1899–1900లో, గుజరాతును పీల్చి పిప్పిచేసిన క్షామమును నేటికిని ఇచ్చటి ముదుసలులు ‘ఛప్పనియో’ అని తలచుకొందురు. యాభైయారవ యేటిది, అంతే. మన పెద్దలో, 1832 నాటి దానిని నందన కరవనిరి, 1876 నాటి దానిని ధాత కరవనిరి. దీపావళికి జమాఖర్చు పుస్తకములకు పూజచేసి, మరునాటి ఉదయమున కొత్త సంవత్సరము నారంభించు జాతి, పుట పైన వ్రాసిన అంకెతోనే తన దుఃఖమును గూడ జ్ఞాపకముంచుకొన్నది. ఆ యంకె మరల రాదు, ఆ పద్దు మూసివేసినట్లే. మనకో, పంచాంగము అరువది యేండ్లకొకమారు తిరిగి వచ్చును. 1996 ఉగాదినాడు మా తాతగారు పంచాంగశ్రవణములో ధాతనామము విని, ‘మళ్లీ వచ్చిందిరా’ అని కండువాతో ముఖము తుడుచుకొనుట నేను కన్నులార చూచితిని. ఆయన ఆ కరవును ఎరుగడు, ఆయన తండ్రియు నెరుగడేమో. పేరు మాత్రము చుట్టము వలె గడపలోనికి వచ్చినది. ఎక్కడి కార్డు, ఎక్కడి ఉగాది! అయినను ఈ రెండు జ్ఞాపకములలో ఏది మేలైనదని నేను ఇప్పటికిని తేల్చుకొనలేకున్నాను.

ఆకలిగొన్న వారికి లెక్క లేకుండ పెట్టిన చేతులు రెండు దేశములందును గలవు. సౌరాష్ట్రములోని వీర్‌పూర్‌లో జలారాంబాపా 1820 ప్రాంతమున భార్య వీర్‌బాయితో గూడి నెలకొల్పిన సదావ్రతము నేటికిని నడచుచున్నది. 2000వ సంవత్సరము నుండి అచ్చట భక్తుల కానుకలు గూడ స్వీకరించుట లేదు. మన గోదావరి లంకలలో డొక్కా సీతమ్మగారిని తెలియని వారెవరు? ఆ వాకిళ్లలో ఎవరును ‘మీ ఇంట ఎందరు?’ అని అడుగలేదు. అడుగుట రాజుల పని. మాకు చేరువనే యున్న కామ్రేజ్, నవసారి ప్రాంతములు ఆనాడు బరోడా సంస్థానమునందుండెను. సయాజీరావు గాయక్వాడు 1893లో అమ్రేలీ ప్రాంతమున ప్రయత్నించి చూచి, 1906లో సంస్థానమంతట ప్రాథమిక విద్యను ఉచితమును నిర్బంధమును గావించి, బిడ్డను బడికి పంపని తండ్రికి జరిమానా విధించెను. బిడ్డ ఇంటివారి సొత్తు మాత్రమే కాదని, ఆ బిడ్డ పేరు రాజ్యము వ్రాసికొనవలెనని ఈ దేశము నేర్చుకొన్నది అప్పుడేనని నా యూహ. నేడు సూరతు నగరపాలకులు నడుపు ప్రాథమిక పాఠశాలలలో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమపు బడులును గలవనిన, ఓరుగల్లు నుండియు కరీంనగరము నుండియు వచ్చిన మా పద్మశాలీలకు ఇంతకు మించిన గౌరవము వేరేమి కావలెను?

వైద్యపు కార్డు విషయమున మాత్రము ఈ దేశము మనకంటె వెనుక వచ్చినది. మన ఆరోగ్యశ్రీ 2007లో పుట్టగా, ఇచ్చటి ‘ముఖ్యమంత్రి అమృతం’ 2012 సెప్టెంబరులో వెలసినది. గుండె ఆపరేషనుల వంటి భారీ చికిత్సలకు కుటుంబమునకు ఏటా రెండు లక్షలు, ఆసుపత్రికి పోయివచ్చుటకు మూడువందల దారిబత్తెము! ఆ సొమ్ము క్రమముగా పెరిగి, కేంద్రపు పథకముతో కలసి, 2023 జూలై నుండి పది లక్షలైనది. కాని మొదట ఆ కార్డు అయిదుగురినే లెక్కించెను: యజమాని, భార్య, ముగ్గురు ఆశ్రితులు. నాలుగవ బిడ్డ రేషను దుకాణమున అయిదు కిలోల మనిషి, ఆసుపత్రి వాకిట లేని మనిషి. మరియొక చట్టము ఇంకను కఠినము. 2005 సవరణ పిమ్మట ఇద్దరికి మించి బిడ్డలను కన్నవారికి ఇచ్చట స్థానిక సంస్థలలో పోటీచేయు అర్హత లేదు. ఇట్టి నిబంధననే ఆంధ్రప్రదేశమువారు 2024లో రద్దుచేసి, ఇంకను కనుడని ప్రోత్సహించుచున్నారు. ఫ్రాన్సు దేశము మహాయుద్ధములో యువకులను పోగొట్టుకొని 1921లో పెద్ద కుటుంబములకు రైలు టిక్కెట్లపై తగ్గింపు కార్డులిచ్చినది. పోలండు 2014లో ముగ్గురు బిడ్డలున్న ఇంటికి దుకాణములలోను ప్రదర్శనశాలలలోను రాయితీలిచ్చు కార్డును దేశమంతట ప్రవేశపెట్టినది. అచ్చట మూడవబిడ్డ కార్డు తెచ్చును, ఇచ్చట తండ్రి పదవిని తీయును.

ఇక మా వంటి వలసవారి మాట. ఒక రాష్ట్రపు కార్డు మరియొక రాష్ట్రమున చెల్లునట్లు 2019 ఆగస్టులో ఏర్పాటు మొదలైనప్పుడు, తొలుత రెండు జంటలను ఎన్నుకొనిరి: ఆంధ్ర–తెలంగాణములు ఒకటి, గుజరాతు–మహారాష్ట్రములు ఒకటి. 1960లో వేరుపడిన అన్నదమ్ములొక జంట, 2014లో వేరుపడిన వారొక జంట. పంచుకొన్న ఇండ్ల నడుమనే ముందుగా బియ్యము నడచినది. ఓరుగల్లు కార్డు కోసాడ్‌లో చెల్లుటకు 2020 జనవరి దాక వేచియుండవలసివచ్చెను. ఇప్పుడు ఇచ్చటి యంత్రముపై వేలిముద్ర వేసి కుటుంబపు కోటాలో కొంత ఇక్కడ, మిగిలినది ఊరిలో తీసికొనవచ్చును. అయితే తెలంగాణము తన ఖర్చుతో ఇచ్చు ఆరవ కిలో ఇక్కడకు రాదు. ఆ రాష్ట్రము సొంతముగా ఇచ్చిన కార్డులు అసలే చెల్లవు. 2025 ఉగాది నుండి అచ్చట పంచుచున్న సన్నబియ్యము ఇక్కడి దుకాణమున దొరకదు. బిడ్డ సూరతులో పుట్టి, జననపత్రము సూరతులో పొంది, తాతల ఊరి కార్డులోనే పేరెక్కవలెను. అక్కడ కొత్త పేర్లు ఏండ్ల తరబడి నిలిచిపోయి, 2025లో గాని కదలలేదు.

అందుచేత మా వీధిలోని తెలుగువారు పలువురు కార్డును ఊరిలోని ముసలివారి వద్దనే ఉంచి, ఇక్కడ బజారులో కొని తినుచున్నారు. అత్తగారు అక్కడ వేలిముద్ర వేసి మనుమల వంతు సన్నబియ్యము గూడ తెచ్చుకొని, ‘పిల్లల పాలు నేనే తింటున్నా, మీరెప్పుడొస్తరు బిడ్డా?’ అని ఫోనులో అడుగుచుండగా, ఆ మనుమలు ఇక్కడ రోట్లీకి నెయ్యి రాచుకొని బడికి పరుగెత్తుదురు.