పాస్కో: మేపడమూ, మేయడమూ

లాటిన్‌లో ‘పాస్కో’ అనే మూడవ గణపు క్రియకు ‘మేపుతున్నాను’ అని అర్థం. అదే క్రియ ‘పాస్కోర్’ అనే కర్మణి రూపం ధరించినప్పుడు మేపబడటం కంటే పశువు తానే మేయడమనే భావం ప్రధానమవుతుంది గనుక, తెలుగులో మేపు, మేయు అనే రెండు క్రియలు చేసే పనిని అక్కడ క్రియాంత ప్రత్యయాల మార్పు ఒక్కటే నెరవేరుస్తుంది. వర్తమానంలో కనిపించే ‘స్క్’ అనే ప్రత్యయం భూతకాల రూపమైన ‘పావీ’లో లేకపోవడాన్ని బట్టి అసలు ధాతువు ‘పా’ మాత్రమేనని తేలుతుంది. రక్షించడమనే అర్థంలో సంస్కృతంలో ఉన్న ‘పా’ ధాతువును, అది చేరిన ‘గోప’ శబ్దాన్ని భాషావేత్తలు దీనికి సజాతీయాలుగా చెబుతారు.

మేత అని అర్థమిచ్చే ‘పాబులుమ్’, కాపరి అని అర్థమిచ్చే ‘పాస్తోర్’ ఈ ధాతువు సంతానమే. తెలుగు క్రైస్తవుల ‘పాస్టరు’ ఇంగ్లీషు మీదుగా వచ్చిన ఆ రెండో మాటే. రోమన్లు ఈ క్రియను పచ్చికబయలుకే పరిమితం చేయలేదు: వర్రో తన వ్యవసాయ గ్రంథపు మూడవ భాగంలో కోళ్లు, తేనెటీగలు, చేపల పెంపకాన్ని సైతం ‘పాస్తియో’ అనే పేరుతోనే వివరించాడు. ఆస్తి పెంచుకునే మార్గమేదని అడిగితే, మొదటిది బాగా మేపడమనీ, రెండోది ఒక మోస్తరుగా మేపడమనీ, మూడోది అధ్వానంగానైనా మేపడమనీ, దుక్కి దున్నడం నాలుగోదనీ పెద్ద కాటో బదులిచ్చినట్లు సిసిరో రాశాడు. సేద్యంపై గ్రంథమే రచించిన మనిషి నోట నాగలికి ఇంత చిన్నచూపు కాస్త వింతే.