మంచు వాలుపై తెలుగు అడుగులు

తెల్లవారుజామున గడ్డిపరకపై మెరిసే బిందువు, లంబసింగి లోయను కమ్మే తెల్లని తెర, హిమాలయ శిఖరాలపై గడ్డకట్టిన రాశి - తెలుగులో అన్నీ మంచే. హిమపాతమన్న సంస్కృత పదం సైతం కురిసే మంచుకూ, విరిగిపడే మంచుచరియకూ ఒక్కటిగానే చెల్లుతున్నది. మంచుకొండలు లేని సీమకు అంతకు మించిన పదాలతో పనిలేకపోయింది. ఆ పని పడిన తెలుగువారి చరిత్ర ఇటీవలిదే.

నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించారు. ఇరువురూ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. వారి తొలి అభ్యాసం భువనగిరి ఏకశిలపై జరిగింది. డార్జిలింగ్, లడఖ్ తరువాతివి. ఆ ఏడాది ఏప్రిల్ 18న నేపాల్ వైపు ఖుంబూ మార్గంలో మంచు విరిగిపడి 16 మంది మరణించారు. వీరు టిబెట్ వైపు నుంచి ఎక్కారు. పదమూడేళ్ల బాలికను అటువంటి పర్వతానికి పంపినవారు వహించిన బాధ్యత సామాన్యమైనది కాదు.

రాతిపై నేర్చిన కంటికి నిటారు పెరిగినకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. మంచు ఈ లెక్కను తలక్రిందులు చేస్తుంది. మంచుచరియలు అధికంగా 30 నుంచి 45 డిగ్రీల వాలులోనే విరిగిపడతాయి. అంతకంటె నిటారైన చోట మంచు నిలువక ఎప్పటికప్పుడు జారిపోతుంది. మరీ పల్లంగా ఉన్నచోట సాధారణంగా కదలదు. నడకకు అనువుగా తోచే నడిమి వాలే కపటమైనది. బలహీనమైన పాత పొరపై కొత్త మంచు పడినప్పుడు, గాలి దానిని కొండకు మరుగైన వైపున పలకగా పేర్చినప్పుడు, ఒక్క మనిషి బరువు చాలు. ప్రాణాలు తీసిన చరియల్లో అనేకం ఆ బాటసారులే కదిలించినవి.

ఈ విద్యకు మన దేశంలో 1969లో మనాలిలో రక్షణశాఖ పరిశోధనాసంస్థ ఏర్పడింది. ఐరోపా దేశాలు 1993లో అయిదు స్థాయిల ప్రమాద సూచికను అంగీకరించాయి. అయితే సూచిక ప్రాంతానికి చెప్తుంది, ఎదుట ఉన్న వాలుకు కాదు. వెనుదిరగాలా, సాగాలా అన్న నిర్ణయం అక్కడ నిలిచిన మనిషిదే.

అనుభవం ఆ భారాన్ని తగ్గించదు. నెల్లూరు జిల్లా గాంధీ జనసంఘం గ్రామానికి చెందిన మల్లి మస్తాన్ బాబు 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను ఎక్కినవాడు. 2015 మార్చి 24న ఆండీస్ పర్వతాల్లోని ట్రెస్ క్రూసెస్ శిఖరానికి ఆయన ఒంటరిగా బయలుదేరాడు. వాతావరణం ప్రతికూలించింది. ఏప్రిల్ మొదటివారంలో గాలింపు బృందాలు ఆయన మృతదేహాన్ని కనుగొన్నాయి. ఆ నెలలోనే అది స్వగ్రామం చేరింది.