కారు రేకుల రొద

1974వ సంవత్సరమున హాలీవుడ్డునందు ‘ఎర్త్‌క్వేక్’ అను చలనచిత్రమును విడుదల చేయునపుడు, భూకంపమును కంటికి చూపుటతో తృప్తినొందక దేహమునకు సైతము తెలియజేయవలెనని సంకల్పించిన యూనివర్సల్ సంస్థవారు, వినబడియు వినబడని మంద్రధ్వనులను భారీ స్పీకర్లనుండి ప్రేక్షకులపై గుప్పించు ‘సెన్‌సరౌండ్’ అను ఏర్పాటును కల్పించిరి. దాని ధాటికి అచ్చటి చైనీస్ థియేటరు పైకప్పునుండి గచ్చుపెచ్చులు రాలునన్న భయమున, కూర్చున్నవారి తలలకు పైగా వల కట్టవలసివచ్చెను. ఆ మంద్రధ్వనియే మరి పదేండ్లలో కారులోనికి ప్రవేశించెను. థియేటరునకు వల కట్టవచ్చును, కారునకేమి కట్టవలెను?

కారు గలగల సంగీతముతో పుట్టినది కాదు. తొలినాటి కార్ల దేహములు వడ్రంగుల చేతిపని: కొయ్యచట్రము, దానిపై బిగించిన రేకు. గతుకుల బాటను పోవునపుడు కొయ్యతో కొయ్య ఒరసికొని కిర్రుమనుచు, మరలు వదులై రేకులు కొట్టుకొనుచు, రెండేండ్లు తిరుగకుండగనే బండి తన రాకను వీధి చివరనుండియే తెలుపుచుండెడిది. 1920 దశకమున ప్యారిసునందు, హైతీ దేశమున జన్మించిన చార్లెస్ వైమన్ అను వైమానికుడు దీనికి కనిపెట్టిన ఉపాయము, నా దృష్టిలో ఈ చరిత్ర యంతటిలోను మిక్కిలి తెలివైనది. రెండు వస్తువులు ఒకదానినొకటి తాకినగదా చప్పుడు పుట్టుట! కావున అతడు కొయ్యముక్కల కొసలు ఎచ్చటను కలియకుండునట్లు నడుమ కొంచెము ఎడము విడిచి, ఉక్కుపట్టీలతో వానిని బంధించి, పైన రేకునకు మారుగా దూదిపొరయు, దానిమీద రెక్సిన్ వంటి తోలుగుడ్డయు కప్పెను. ఎంత గతుకులో పడినను ఆ దేహము ఒదిగి లేచునే గాని నోరు మెదపదు. ఫ్రాన్సు, ఇంగ్లండు దేశముల శ్రీమంతులు కొన్నియేండ్లపాటు వైమన్ పద్ధతి కార్లకై ఎగబడిరి. పిదప నిగనిగలాడు రంగురేకుపై మోజు హెచ్చి, గుడ్డ ఎండకు వానకు మాసిపోవుచుండుటచే, 1930 దశకపు ఆరంభమునకే ఆ పద్ధతి మరుగునపడెను.

అప్పటికే అమెరికాలో ఫిలడెల్ఫియా నగరపు ఎడ్వర్డ్ బడ్ పూర్తి ఉక్కుదేహములను అచ్చులలో ఒత్తి తీయుచుండెను. 1935 మోడళ్ళతో జనరల్ మోటార్స్ వారు కప్పుకు సైతము ఒకే ఉక్కురేకును వేసి ‘టరెట్ టాప్’ అని చాటిరి; అంతకుముందు కప్పు నడుమ గుడ్డయే యుండెడిది. ఒక మిల్లీమీటరునకు అటునిటుగా నుండు విశాలమైన రేకు, అంచులయందు బిగింపబడి నడుమ స్వేచ్ఛగా ఊగునది, భేరి గాక మరేమగును? ఆ మ్రోతనణచుటకు తయారీదారులు కంబళిముక్కలను, తారుపూతలను ఆశ్రయించిరి. ఈ ఆనవాయితీకి శాస్త్రమును సమకూర్చినవాడు జర్మనీదేశపు హెర్మన్ ఓబెర్స్ట్. రేకునకంటిన జిగటపొర రేకుతోపాటు సాగుచు ముడుచుకొనుచు కంపనశక్తిని వేడిగా మార్చునని, వాడుకలోనుండు మందములయందు పొర రెండింతలైనచో ఆ గుణము ఇంచుమించు నాలుగింతలగునని 1952లో ఆయన లెక్కగట్టెను. 1959లో అమెరికాలో ఎడ్వర్డ్ కెర్విన్, ఆ జిగటపొరపై మరియొక పలుచని లోహపురేకును కప్పినచో, రెంటి నడుమ చిక్కిన పొర ఒరిపిడికి లోనై, తక్కువ బరువుతోనే ఎక్కువ పని చేయునని నిరూపించెను. నేడు స్పీకర్ల దుకాణములలో అమ్ము వెండిరంగు షీట్లన్నియు ఆ సూత్రమునకు సంతతియే. కచేరీకి ముందు మృదంగము ఎడమముఖమున తడిపిన రవ్వముద్దను అంటించి నాదమును మంద్రస్థాయికి దించు విద్వాంసులను చూచినవారికి, పొరయొక్క బరువు కంపనము నెట్లు మార్చునో వేరుగా చెప్పనక్కరలేదు. విశాఖపట్టణమున బాల్యవిద్య నభ్యసించిన సి.వి. రామన్ మన మృదంగములపై పూసిన పూత చేయు పనినిగూర్చి 1920లోనే ‘నేచర్’ పత్రికలో వ్రాసియున్నాడు. భేదమేమనగా, అచ్చట పూత నాదమును తీర్చిదిద్దును. ఇచ్చట దానిని మింగివేయును.

ఇక సంగీతమునకు వత్తము. 1930లో షికాగోనుండి పాల్ గాల్విన్ ‘మోటరోలా’ కారు రేడియోను తెచ్చినప్పుడును, 1965లో ఫోర్డు కార్లలో టేపులు ప్రవేశించినప్పుడును, ఆ చిన్న స్పీకర్లకు రేకును కదలించునంతటి బలము లేదు. 1973లో అరిజోనాలో జిమ్ ఫాస్‌గేట్ మంద్రమును ప్రత్యేకముగా పెంచు సర్క్యూటుతో కారు ఆంప్లిఫయర్లను నిర్మింపనారంభించెను. 1980లో జపానునుండి వచ్చిన రోలాండ్ టి.ఆర్.-808 అను తాళయంత్రము, 50 హెర్ట్జులకు సమీపమున దీర్ఘముగా సాగు దరువును సంగీతజ్ఞుల చేతికిచ్చెను. మయామీ నగరపు యువకులు ఆ దరువుపైననే ఒక సంగీతశాఖను నెలకొల్పి, దానిని వినుటకు ఇంటికంటె కారే తగినదని నిశ్చయించి, డిక్కీలను సబ్‌వూఫర్లతో నింపిరి.

వారి నిశ్చయము శాస్త్రసమ్మతమే. 40 హెర్ట్జుల ధ్వనితరంగము పొడవు సుమారు 8.5 మీటర్లు, అంతటి తరంగము కారులో ఇమడదు గనుక, లోపలి గాలియంతయు ఒక్కుమ్మడిగా ఒత్తిడి హెచ్చుచు తగ్గుచుండును. ధ్వని 120 డెసిబెల్లులకు చేరెనా, ఒక చదరపు మీటరు డిక్కీమూతపై ఇంచుమించు రెండుకిలోల బరువు సెకనుకు నలుబదిసార్లు త్రోయుచు లాగుచున్నట్లే. వందకిలోమీటర్ల వేగమును తట్టుకొనుటకై కట్టిన ప్లాస్టిక్కు క్లిప్పులు ఈ శిక్షకై కట్టినవి కావు.

1989లో ఒహాయో రాష్ట్రపు హామిల్టన్ పట్టణమున మొదలైన ‘డైనమ్యాట్’ సంస్థ, అంతవరకు కర్మాగారములకే పరిమితమైన ఈ షీట్లను సామాన్యుని చేతికందించెను. తారుషీట్లు ఎండకు మెత్తబడి జారుచు వాసన కొట్టుచుండుటచే (విజయవాడ వేసవి నెరిగినవారు ఊహింపగలరు) బ్యూటైలు రబ్బరు వాని స్థానము నాక్రమించెను. సరుకు మంచిదే, అమ్మకమునందే వంచన ప్రవేశించినది. రేకు తనంత తాను మ్రోగుట ఒక రోగము. రెండు వస్తువులు ఒకదానినొకటి కొట్టుకొనుట మరియొక రోగము. షీటు మొదటిదానికి మందు. రెండవదానికి వైమన్ చెప్పిన ఎడమే మందు. రెంటికిని ఒకే మందని నమ్మించి, నాలుగవవంతు కప్పిన చాలు రేకును నిండుగా కప్పించి, పది పదిహేనుకిలోల బరువు బండికెక్కించిన పిదపను గలగల ఆగలేదని వాపోవువారు ఎందరో!

పనితెలిసిన మేస్త్రి ముందు షీటు తీయడు. 20 నుండి 100 హెర్ట్జులవరకు మెల్లగా పైకెక్కు ఏకస్వరమును పెట్టి, గలగల పుట్టినచోట స్వరమును నిలిపి, అరచేతితో ఒక్కొక్క భాగమును నొక్కుచు పోవును. చేయి పడగానే ఎచ్చట చప్పుడాగునో అదియే దోషి. నంబరుప్లేటు, డిక్కీమూత గొళ్ళెము, వెనుకసీటు వెనుకనున్న పలక, డోరులోపలి వైర్లు, సీటుబెల్టు కట్టు, పలుమార్లు డ్యాష్‌బోర్డు అరలో యజమాని మరచిన చిల్లరనాణెములు. వైర్లకు కంబళిటేపు చుట్టి, ప్లేటు వెనుక స్పాంజిముక్క పెట్టి, విరిగిన క్లిప్పులు మార్చి, డిక్కీమూత క్రింది రబ్బరుబొడిపెలను కొంచెము పైకి త్రిప్పినచో ముప్పాతికపాలు పని ముగియును. షీటు అక్కర తరువాతిది.

బయట నిలిచినవారికి వినబడునది చాలవరకు ఈ రేకుల రొదయే. లోపలివానికి పాటయే వినబడును. మయామీ నగరమున్న ఫ్లోరిడా రాష్ట్రపు చట్టము కారు పాట 25 అడుగుల దూరమున స్పష్టముగా వినబడరాదని శాసించెను. వ్యాపార, రాజకీయ ప్రచారపు బండ్లను మాత్రము మినహాయించెను. మైకు కట్టిన ఎన్నికల జీపుల నెరిగిన మనకు ఆ మినహాయింపు వింతగా తోచదు గాని, ఆ రాష్ట్రపు సుప్రీంకోర్టు వాక్స్వాతంత్ర్యమునకు భంగకరమని 2012 డిసెంబరులో ఆ చట్టమునే కొట్టివేసినది. రేడియో, టేపు, ధ్వనిపుట్టించు ఇతర యంత్రసాధనములు అని చట్టము పేర్కొనియున్నది; వదులైన డిక్కీమూత ఆ జాబితాలోనికి వచ్చునో రాదో తేల్చు అవసరము న్యాయమూర్తులకు కలుగలేదు.