బకెట్ ట్రక్కు ఉన్నా కరెంటు ఎందుకు తీస్తారు?

గాలివాన తగ్గిన కాసేపటికి వీధిలోకి పొడవాటి చెయ్యి ఉన్న లారీ వస్తుంది. ఆ చేతి చివర తొట్టిలో నిలబడిన మనిషి తీగల మీద ఒరిగిన కొమ్మను కోస్తుంటాడు. కింద చూస్తున్నవాళ్లకు ఒకటే సందేహం. స్తంభం ఎక్కలేదు, నిచ్చెన వేయలేదు, తొట్టిలోనే ఉన్నాడు కదా, మరి వీధంతా కరెంటు తీసేయడం దేనికి?

ఎందుకంటే బకెట్ ట్రక్కు మొదటి పని మనిషి పడిపోకుండా చూడటం. కరెంటు నుంచి కాపాడటం వేరే సంగతి. అది అన్ని ట్రక్కులకూ చేతకాదు. చేతనైనవి కూడా అన్ని వైపుల నుంచీ కాపాడలేవు.

రెండు రకాలు, ఒకేలా కనిపిస్తాయి

వీధి దీపాలు మార్చడానికి మున్సిపాలిటీలు వాడే చాలా వాహనాల్లో బూమ్, అంటే ఆ పొడవాటి చెయ్యి, పూర్తిగా ఇనుముదే. అది తీగకు తగిలితే లారీ మొత్తం కరెంటు పట్టేస్తుంది. విద్యుత్ లైన్ల పనికి ప్రత్యేకంగా చేసిన వాటిలో బూమ్ పైభాగం ఫైబర్‌గ్లాస్‌తో ఉంటుంది. తొట్టి నుంచి బూమ్ మీదుగా నేలకు కరెంటు దిగకుండా అది అడ్డుపడుతుంది. ఎన్ని వోల్టుల వరకు తట్టుకుంటుందో వాహనం మీద రాసి ఉంటుంది. ఆ భాగానికి దుమ్ము, తడి పట్టినా, గీతలు పడినా ఆ శక్తి తగ్గుతుంది. అందుకే దాన్ని శుభ్రంగా ఉంచి, గడువు ప్రకారం పరీక్ష చేయించాలి.

ఇంత చేసినా ఒక లోటు మిగులుతుంది. 11 కేవీ లైనులో పక్కపక్కనే మూడు తీగలు ఉంటాయి. పనిచేసే మనిషి చెయ్యి ఒక తీగకు, భుజం ఇంకో తీగకు తగిలితే కరెంటు అతని ఒంట్లోంచే పోతుంది. ఒక తీగకూ, స్తంభం మీది ఇనుప క్రాస్ ఆర్మ్‌కూ మధ్య ఇరుక్కున్నా అంతే. అప్పుడు కింద ఉన్న ఫైబర్‌గ్లాస్ చేసేదేమీ లేదు. కరెంటు ఉండగానే లైను మీద పనిచేసే పద్ధతి కూడా ఉంది, కానీ దానికి ప్రత్యేక శిక్షణ, రబ్బరు తొడుగులు, తీగలకు కప్పే కవర్లు కావాలి.

అందుకే మామూలు మరమ్మతులకు మన లైన్‌మన్లు ముందుగా ‘ఎల్‌సీ’ తీసుకుంటారు. అంటే లైన్ క్లియర్. సబ్‌స్టేషన్‌లో సరఫరా ఆపి, పని ముగిసిందని వాళ్లే చెప్పేదాకా తిరిగి ఇవ్వకుండా ఉండటం. ఆ తర్వాత కూడా తీగలను ఎర్త్ చేయాలి. సరిగ్గా బిగించని జనరేటరో, ఇన్వర్టరో ఏదో ఇంట్లోంచి లైనులోకి వెనక్కి కరెంటు పంపవచ్చు. చచ్చిందనుకున్న తీగ అలా మళ్లీ లేస్తుంది. కరెంటు ఇంకా ఇవ్వలేదేమని సబ్‌స్టేషన్‌కు ఫోన్ల మీద ఫోన్లు చేసేటప్పుడు ఈ సంగతి కాస్త గుర్తుంచుకోవాలి.

తొట్టిలో తాడు ఎందుకు?

నడుమెత్తు తొట్టిలో ఉన్నవాడికి బెల్టు ఎందుకని నవ్వేవాళ్లుంటారు. కోసిన కొమ్మ బూమ్ మీద పడినా, వెనక నుంచి ఏ వాహనమో లారీని గుద్దినా ఆ పొడవాటి చెయ్యి కొరడాలా ఊగి మనిషిని బయటికి విసిరేస్తుంది. అందుకే ఒళ్లంతా పట్టే హార్నెస్ వేసుకుని, దాని తాడును బూమ్‌కే తగిలించాలి. స్తంభానికి కట్టుకుంటే తొట్టి కదిలినప్పుడు మనిషి మధ్యలో చీలిపోతాడు. తొట్టి అంచు మీద నిలబడటం, అందులో నిచ్చెన వేయడం, మనిషి పైన ఉండగానే ఒక దీపం నుంచి ఇంకో దీపానికి లారీని నడపడం, ఇవన్నీ చేయకూడనివే. చివరిది మన వీధుల్లో మామూలుగానే కనిపిస్తుంది.

లారీకి రెండు పక్కలా దించే కాళ్లు గట్టి నేల మీద ఆనాలి. మురుగుకాల్వ పలక మీద పెడితే అది విరిగి లారీ ఒరుగుతుంది. ఆ కాళ్లకు చోటు కావాలి కాబట్టే ఇరుకు సందుల్లోకి ఈ వాహనం రాదు, అక్కడ ఇంకా నిచ్చెనే దిక్కు. తొట్టిని పై నుంచీ, కింద నుంచీ కూడా నడపవచ్చు. పైనున్న వ్యక్తి స్పృహ తప్పితే దించడానికి, ఆ మీటలు తెలిసిన మనిషి కింద తప్పనిసరిగా ఉండాలి.

మనం ఏం చేయాలి?

పని జరుగుతుండగా లారీని ముట్టుకోకూడదు. టైర్లు రబ్బరువి కదా అనే ధీమా పనికిరాదు. బూమ్ తీగకు తగిలి ఉంటే, నేల మీద నిలబడి లారీ మీద చెయ్యి వేసినవాడి గుండానే కరెంటు భూమిలోకి దిగుతుంది. డ్రైవరు క్యాబిన్‌లోనే ఉండిపోవాలి. మంటలు లేస్తే మాత్రం లారీనీ నేలనూ ఒకేసారి తాకకుండా, రెండు కాళ్లూ జోడించి దూకి, పాదాలు ఎత్తకుండా చిన్నచిన్నగా జరుపుకుంటూ దూరం పోవాలి. పైనున్నవాణ్ని కాపాడాలని ఎవరూ పరుగెత్తకూడదు. ముందు లైను ఆపించాలి.

తెగిన తీగ, ఒరిగిన స్తంభం కనిపిస్తే విద్యుత్ సంస్థ నంబరు 1912కు ఫోన్ చేసి, స్తంభం మీద నంబరు ఉంటే అదీ చెప్పండి. వెలగని వీధి దీపం సంగతి మాత్రం మున్సిపాలిటీకో, పంచాయతీకో చెప్పాలి.